బ్యాగులో తూటా దొరికిందని కేసు పెట్టారు, ఏం చేయాలి?

ప్రశ్న: బెంగళూరు వెళ్లడానికి మా బాబాయి ట్రాలీ బ్యాగు అడిగి తీసుకున్నాను. విమానాశ్రయం తనిఖీలో, లోపలి అస్తరు చిరిగిన చోట ఒక తూటా దొరికింది. అడవి పందుల బెడద వల్ల బాబాయికి లైసెన్సు తుపాకి ఉంది. కంగారులో ‘మర్చిపోయి తెచ్చాను’ అని రాసిచ్చాను. పోలీసులు ఆయుధాల చట్టం కింద కేసు పెట్టి, నోటీసిచ్చి పంపారు. పాస్‌పోర్టుకు ఇబ్బందా?

జవాబు: ముందు మీరు రాసిచ్చిన కాగితం సంగతి. ‘మర్చిపోయాను’ అంటే ఒకప్పుడు తెలుసని అర్థం వస్తుంది. మీకు అసలు తెలియనే తెలియదు. కేసంతా ఈ తేడా మీదే నడుస్తుంది. తూటా దగ్గరుండటం నేరం కావాలంటే, అది ఉన్నట్టు మనిషికి తెలిసి ఉండాలని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఇలా బ్యాగుల్లో ఒకటీ అరా తూటాలు దొరికిన కేసులను హైకోర్టులు చాలాసార్లు కొట్టేశాయి.

బాధ ఏమిటంటే, ‘నాకు తెలియదు’ అన్న మాట తనిఖీ దగ్గర చెల్లదు. తూటా కనిపిస్తే విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు స్థానిక పోలీసులకు అప్పగిస్తారు. మీకు తెలుసో లేదో అక్కడ ఎవరూ తేల్చరు. ఆయుధాల చట్టం సెక్షన్ 25(1బి) కింద శిక్ష రెండు నుంచి ఐదేళ్లు, అదీ నాన్‌బెయిలబుల్. ఏమీ తెలియని మనిషికి ఇది చాలా అన్యాయం. అయితే ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టే మీకు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 35(3) నోటీసుతో సరిపెట్టి ఉంటారు. పిలిచిన తేదీకి తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారిచ్చినట్టు.

వెళ్లేటప్పుడు దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా వివరణ ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాగు ఎవరిది, ఏ రోజు తీసుకున్నారు, తూటా ఏ మూల దొరికింది, మొదట రాసిచ్చిన మాట ఎందుకు తప్పు, అన్నీ అందులో ఉండాలి. బాబాయి లైసెన్సు పుస్తకం, తూటాలు కొన్న రసీదులు, బ్యాగు తనదేనన్న ఆయన వాంగ్మూలం జత చేయండి. తూటా అడుగున చెక్కిన అంకెలు ఆయన తుపాకి క్యాలిబర్‌తో (గొట్టం కొలతతో) సరిపోతే మీ మాటకు బలం వస్తుంది. పంచనామాలో ఆ అంకెలు, అస్తరు చిరుగు రాశారో లేదో చూడండి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. ఆ వీడియో అడగండి. ఒక్క సంగతి ముందే చెప్పాలి: లైసెన్సు షరతులు పాటించలేదని బాబాయికీ నోటీసు రావచ్చు. దానికి భయపడి బ్యాగు ఆయనదన్న సంగతి దాచితే మీ ఇద్దరికీ నష్టం.

ఇంతకూ అది పేలే తూటాయేనా అన్నది ఫోరెన్సిక్ నివేదిక చెప్పాలి. పైగా ఈ నేరానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ నడవదు (ఆయుధాల చట్టం సెక్షన్ 39). కమిషనరేట్ ఉన్న చోట ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. ఛార్జిషీటు పడేదాకా ఆగక్కర్లేదు, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయొచ్చు. సీఆర్‌పీసీలో 482 అన్నది ఇదే. వివరణ ఇచ్చి, దాని కాపీ జతచేసి వేయడం నయం.

పాస్‌పోర్టు విషయంలో, ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉంటే కోర్టులో కేసు పెండింగ్ ఉన్నట్టు కాదు. ఛార్జిషీటును కోర్టు విచారణకు స్వీకరిస్తే మాత్రం, రెన్యూవల్‌కి ఆ కోర్టు అనుమతి పత్రం కావాలి. దరఖాస్తులో కేసు సంగతి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి.