అమ్మలూ, పొదుపు గట్టు మీదే చెయ్యి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ముగ్గురు ఆడపిల్లలు, జనవరిలో అండమాన్, మనిషికి పాతికవేలు, స్కూబా (వీపు మీద గాలి సిలిండర్‌తో నీళ్ల కింద తిరగడం) కూడా అందులోనే అంటున్నావు. కుదురుతుంది. నువ్వు రాసిన ప్లాన్ ప్రకారం మాత్రం కుదరదు. ఐదు రోజుల్లో వెళ్లి వచ్చేయాలంటే ఆ డబ్బు విమానానికీ, ప్రైవేటు ఫెర్రీకీ, ఆటోలకీ చాలదు, ఇంక నీళ్లలో దిగేదెప్పుడు? డబ్బు తక్కువున్నవాళ్లు రోజులు ఎక్కువ పెట్టుకోవాలి. రెండు వారాలు సెలవు అడుగు. ఇవ్వకపోతే వచ్చే ఏడాది వెళ్లండి, ఈలోపు ఈత నేర్చుకోవచ్చు.

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ ఉంది. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, అయినా ఎవరి నోట విన్నా పోర్ట్‌బ్లెయిరే.) చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు ఎక్కువ, విశాఖ నుంచి నెలకొకటి దొరికితే గొప్ప. రెండున్నర రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకాస్త. బంక్ క్లాసు తీసుకోండి. రైల్లో స్లీపర్ బోగీలో పడుకున్నదానివి, ఇందులోనూ పడుకోగలవు. బాత్రూమ్‌లు మాత్రం మొదటి రోజు శుభ్రంగా ఉంటాయి, తర్వాత సంగతి చెప్పను. ఓడ తేదీ ముందు అనుకున్నట్టు ఉండదు, ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరుగుతుంది, అందుకని తిరిగొచ్చే రోజుకి ఏ రైలు టికెట్టూ, ఏ ఆఫీసు మీటింగూ ముడిపెట్టుకోకండి. ఓడ ఊగుడికి వాంతులు రాకుండా అవొమిన్ మాత్రలు పట్టుకెళ్లండి. ఖాళీ కడుపుతో ఉంటే వాంతులు ఇంకా ఎక్కువవుతాయి, అటుకులో పలాస జీడిపప్పో ఏదో ఒకటి నముల్తూ ఉండండి. దుప్పటి కూడా. ఓడలో ఏసీ ఎముకలు కొరికేస్తుంది, అక్కడ జలుబు పట్టిందంటే డైవింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే, ఎందుకో కింద చెప్తాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో భాష గురించి టెన్షన్ వద్దు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మా భాష అన్నారు, వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి వలస వెళ్లినవాళ్లు చాలామంది. జంగ్లీఘాట్ చేపల రేవు వైపు వెళ్తే మన యాసే వినపడుతుంది. నేను కూడా అలాగే వెళ్లి, డైవింగ్ బోటు మీద సిలిండర్లు మోసే పనిలో కుదిరి, ఆ తర్వాత డైవ్‌మాస్టర్‌ని, అంటే నీళ్ల కింద జనానికి దారి చూపించేవాడిని, అయ్యాను. అంతకుముందు మన ఊళ్లో తెప్ప మీద వేటకి వెళ్లినవాడినే, కానీ నీళ్ల కింద ఏముందో కళ్లతో చూడలేదు. మనవాళ్లు సముద్రం మీద బతుకుతారు గానీ లోపలికి తొంగి చూసినవాళ్లు తక్కువే. చూద్దామన్నా ఏం కనపడుతుంది, వంశధార, నాగావళి తెచ్చి పోసే బురదతో కళింగపట్నం దగ్గర చెయ్యి చాపితే చెయ్యే కనపడదు. పగడాలకి తేటనీళ్లు కావాలి, అందుకే మన దగ్గర పగడపు దిబ్బలు లేవు.

మీరు పోర్ట్‌బ్లెయిర్ నుంచి వెళ్లాల్సినవి హేవ్‌లాక్, నీల్ అని రెండు దీవులు. 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఫెర్రీ రెండు రెండున్నర గంటల్లో హేవ్‌లాక్‌లో దింపుతుంది, ప్రైవేటు పడవలకంటే ఓ గంట ఆలస్యం, రేటులో మాత్రం చాలా తేడా. ఆధార్ జిరాక్సులు నాలుగైదు సంచిలో ఉంచుకోండి. హేవ్‌లాక్‌లో బీచ్ పక్కన రిసార్టుల వైపు చూడకండి, ఊరి లోపల హాస్టల్ మంచాలు, ఇళ్లలో గదులు దొరుకుతాయి. ఆ ఊళ్లన్నీ తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లవి, బజారులో చిన్న హోటల్లో అన్నం, పప్పు, చేప ముక్క చవగ్గా పెడతారు. కూరగాయలు ఓడ మీద రావాలి కాబట్టి మన దగ్గరకంటే ప్రియం. డబ్బు కొంత నోట్లుగా పట్టుకెళ్లండి, ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతే ఫోన్‌పే కూడా పోయినట్టే. ఇంకో సంగతి, అక్కడా మన టైమే, కానీ ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి, చలికాలంలో సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. టార్చి ఉండాలి, పొద్దున్నే లేవడం అలవాటు చేసుకోవాలి. మీ హైదరాబాద్ టైమింగులు అక్కడ పనికిరావు.

ఇంతవరకూ ఎంత పిసినారితనం చేసినా నేనేమీ అనను. నీళ్ల దగ్గర మాత్రం కక్కుర్తి పడకు.

హేవ్‌లాక్ జెట్టీలో దిగగానే చుట్టూ మూగుతారు, మూడున్నర వేలకే స్కూబా, ఫోటోలు వీడియో ఫ్రీ అంటారు. వాళ్లందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. కానీ డబ్బు కట్టేముందు షాపుకి వెళ్లి, కూర్చుని, అడగాల్సినవి అడుగు: ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తాడు, నీళ్లలో నన్ను చేత్తో పట్టుకుని ఉండేది ఎవరు, దిగేముందు నడుం లోతు నీళ్లలో ప్రాక్టీసు ఎంతసేపు చేయిస్తారు, ఏదైనా ప్రమాదమైతే ఇవ్వడానికి బోటు మీద ఆక్సిజన్ కిట్ ఉందా, వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వెనక్కిస్తారా. విసుక్కోకుండా జవాబు చెప్పినవాడు ఐదారు వేలు అడిగినా అతని దగ్గరే దిగు. "అవన్నీ ఎందుకు మేడమ్, ఏం కాదు" అన్నాడంటే చెప్పులేసుకుని వచ్చేయ్. మొహమాటం వద్దు.

మీ పాతికవేలకి వచ్చేది ట్రయల్ డైవ్. సర్టిఫికెట్ లేనివాళ్లని 12 మీటర్లకి మించి దింపకూడదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండాలి. ఈత రాకపోయినా దింపుతారు. నన్నడిగితే నీళ్లంటే భయం పోయేవరకైనా ఈత నేర్చుకుని వెళ్లమంటాను. ఓపెన్ వాటర్ కోర్సు వేరు, మూడు నాలుగు రోజులు పడుతుంది, పాతికవేలకు పైనే అవుతుంది, అది చేస్తే 18 మీటర్ల దాకా ప్రపంచంలో ఎక్కడైనా తోడుతో దిగొచ్చు. దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. టైము లెక్క లేదు, ఏ ఈత ఈదినా ఫర్వాలేదు, మీ తాత నేర్పిన నాగావళి ఈతైనా సరే. ఆ కోర్సు మీద మనసుంటే పాఠం భాగం ఇంట్లోనే ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకో, దీవిలో ఒక రోజు గది అద్దె మిగులుతుంది. థాయ్‌లాండ్‌లో కో టావ్ అని చిన్న దీవి ఉంది, అక్కడ డైవింగ్ స్కూళ్లు కిక్కిరిసి ఉంటాయి, పోటీ వల్ల కోర్సు చవక. విదేశంలో చవగ్గా అవుతుందని నీ స్నేహితురాలు అన్నది దాని గురించే అయుంటుంది. విమానం ఖర్చు కలుపుకుంటే మొదటిసారికి అంత దూరం ఎందుకు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు లోపలికి దిగడం గురించి. వీపు మీద ఉండే సిలిండర్‌ని మన దగ్గర అందరూ ఆక్సిజన్ అంటారు. అది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే, 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా నొక్కి నింపుతారు. మొదటిసారి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) నోట్లో పెట్టుకుని తల ముంచగానే ఒళ్లంతా వద్దు వద్దంటుంది, ఎందుకంటే నీళ్లలో ఊపిరి తియ్యకూడదని పుట్టినప్పటినుంచి తెలిసిన సంగతి. గాలి గబగబా లాగేస్తావు. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, లోపలికి పీల్చినదానికంటే బయటికి మెల్లగా, పొడుగ్గా వదలడం. బుడగల చప్పుడు విను. నాలుగైదు ఊపిర్లకి గుండె దారిలోకి వస్తుంది. ముక్కు మాస్కులో మూసి ఉంటుంది కాబట్టి అంతా నోటితోనే, ఇది చాలామందికి కుదరదు. ఇప్పట్నుంచే రోజూ షవర్ కింద తల వంచి, ముక్కు మీద నీళ్లు కారుతుంటే నోటితో ఊపిరి తీస్తూ రెండు నిమిషాలు నిలబడు.

ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకు. పది మీటర్ల కింద ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు, అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు చోటు అడుగుతుంది. వదలకుండా పైకి తన్నుకుంటూ వచ్చావో, ఊపిరితిత్తి చిరుగుతుంది. భయమేసినా, మాస్కు ఊడినా, పైకి పరిగెత్తడం వద్దు, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకో.

చెవులు. రెండు మీటర్లు దిగేసరికే నొక్కుతాయి. ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లగా ఊదితే లోపల చిన్న టప్ మని సర్దుకుంటాయి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, పైనుంచే మొదలుపెట్టి ప్రతి మీటరుకీ చెయ్యాలి. సర్దుకోకపోతే ఒక అడుగు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించు, గట్టిగా ఊదితే కర్ణభేరికే ప్రమాదం. జలుబు ఉంటే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, ఎంత ఊదినా సర్దుకోదు, ఓడలో దుప్పటి అన్నది ఇందుకే. మాత్ర వేసుకుని ముక్కు తెరిపించి దిగుదామనే తెలివి చూపించకు, మాత్ర పని అయిపోయేది నువ్వు కింద ఉన్నప్పుడే. ముక్కుపుడక ఇంట్లోనే తీసేసి వెళ్లు, దాని మీద ముక్కు నొక్కుకుంటే ప్రాణం పోతుంది. మీసాలున్న మగాళ్లకి మాస్కులోకి నీళ్లు కారతాయి, మీకు ఆ బాధ లేదు, మీ బాధ జుట్టు. నుదుటి మీద నాలుగు వెంట్రుకలు మాస్కు అంచు కింద ఇరుక్కుంటే చాలు, సన్నగా నీరు దిగుతూనే ఉంటుంది. బిగించి జడ వేసుకోండి. మాస్కులోకి నీళ్లు దిగినా కంగారు లేదు, మాస్కు పై అంచుని నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి, ముక్కుతో ఊదితే నీళ్లు కింది నుంచి పోతాయి.

సైగల్లో ఒక్కటి మర్చిపోకు. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. ఎంతమంది సంబరంగా బొటనవేలు చూపించి, అంతలోనే పైకొచ్చేసి, మూతులు ముడుచుకుని కూర్చున్నారో. బాగుందంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రంగా చూపించాలి.

డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు, ఒక రోజంతా ఆగితే ఇంకా మేలు. ఒంట్లో కలిసిన నైట్రోజన్ పైన ఒత్తిడి తగ్గగానే బుడగలు కడుతుంది. తిరుగు ప్రయాణం కూడా ఓడ మీదే అయితే ఈ గొడవ లేదు, చివరి రోజు పొద్దున కూడా దిగి రావొచ్చు, చూశావా, పేదవాళ్ల ఓడకి ఇదొక లాభం.

కింద దేన్నీ ముట్టుకోకండి. పగడం రాయిలా కనపడుతుంది గానీ ప్రాణమున్నది, చెయ్యి పెడితే దానికీ దెబ్బ, నీకూ కోత. ఒడ్డున దొరికిన పగడం ముక్క అయినా సంచిలో వేసుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, సామాన్లు చెక్ చేసేటప్పుడు పట్టుకుంటారు. సన్‌స్క్రీన్ డబ్బాలు కొనే బదులు నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. మొసలి బోర్డు ఉన్నచోట మోకాలి లోతు కూడా దిగొద్దు, ఉప్పునీటి మొసళ్లు ఆ దీవుల్లో ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్ రాధానగర్ పక్కన నీల్స్ కోవ్‌లో ఒక అమెరికా అమ్మాయిని మొసలి చంపింది. అందరూ ఈదే చోటే ఈదండి.

రుషికొండలో ముందు ఒకసారి దిగి చూడనా అని అడిగావు. చెవులు, భయం సంగతి తేలుతుంది కాబట్టి చూడొచ్చు, నీళ్లు తేటగా ఉండటం ఆ రోజు నీ అదృష్టం. విజయనగరం తీరంలో చింతపల్లి రాళ్ల దగ్గర, మన శ్రీకాకుళం తీరంలో బారువ దగ్గర పాత ఓడ శిథిలాలు కూడా ఉన్నాయి, వాటికి బాగా అనుభవం కావాలి, ఇప్పుడే వద్దు.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది చివర్లో రాస్తున్నాను, ఇదొక్కటి వదిలేస్తే మిగతావన్నీ దండగ. ప్రతి డైవ్ షాపులో మెడికల్ ఫారం ఇస్తారు: ఆస్తమా, ఫిట్స్, గుండె, చెవి ఆపరేషన్, ఇలా. అందరూ చదవకుండా అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేస్తారు. నీకు చిన్నప్పుడు ఆయాసం వచ్చేది, చలికాలమంతా మీ అమ్మ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ మేలుకునేది, నాకు గుర్తుంది. ఇప్పుడు లేదంటావు. ఆ మాట నువ్వు కాదు, డాక్టరు చెప్పాలి. ఆ ఫారం ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, ప్రింట్ తీసుకుని శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి, డైవింగ్‌కి అని చెప్పి మరీ పరీక్ష చేయించుకో. వద్దంటే వాదించకు, నీల్‌లో స్నార్కెల్ (నీళ్ల పైనుంచి ఊపిరి తీసే గొట్టం) పెట్టుకుని నడుం లోతు నీళ్లలో తేలితే చాలు, బోలెడన్ని చేపలు కనపడతాయి, ఖర్చు కూడా మిగులుతుంది. సరే అంటే సంతకం పెట్టించుకుని ఆ కాగితం ఫోటో నాకు పంపు, అప్పుడు ఓడ తేదీలు నేను కనుక్కుంటాను.

మీ మావయ్య