కోవిడ్ టైంలో ఇంట్లో క్యాన్సర్ పేషెంట్‌ని చూసుకున్నవాళ్ళు మానసికంగా ఎలా తట్టుకున్నారు?

మా అమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్ అని 2020 ఫిబ్రవరిలో తెలిసింది. కీమో మొదలైన కొద్ది రోజులకే జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. హైదరాబాద్‌లో మేమిద్దరమే, తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, విమానాలు ఆగిపోయాయి. దారిలో పోలీసులు ఆపినా కీమో ఫైలు చూపిస్తే వదిలేసేవారు, అదేం పెద్ద ఇబ్బంది కాలేదు.

అందరికీ కరోనా వస్తుందేమోనని భయం, నాకేమో నా వల్ల అమ్మకి వస్తుందేమోనని. కూరగాయలకి నేనే, మందుల షాపుకి నేనే, ఆస్పత్రిలో ఒక్క అటెండెంట్‌నే రానిచ్చేవారు కాబట్టి అక్కడికీ నేనే. కీమో ఎక్కించాక వారం పది రోజులకి తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇవ్వడానికి నర్సులెవరూ ఇంటికి రామన్నారు, కీమో ఎక్కించే డే కేర్ వార్డులో సిస్టర్ దగ్గర నేర్చుకుని నేనే చేశాను. ఆ రోజుల్లో అన్నం పెట్టడానికి వెళ్తూ కూడా గుమ్మం దగ్గర ఆగి, గొంతులో గరగర ఏమైనా ఉందా అని చూసుకునేదాన్ని. అమ్మ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే దగ్గర కూర్చుని తల నిమరకుండా, మాస్కు సర్దుకుని దూరంగా నిలబడ్డాను చూడండి, అది ఇప్పటికీ పోలేదు.

ఇక జ్వరం. కీమో పేషెంట్‌కి 100.4 వస్తే ఆగకుండా ఆస్పత్రికి రమ్మంటారు, కౌంట్ తక్కువున్నప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. కానీ కరోనా రోజుల్లో అదే జ్వరంతో వెళ్తే ముందు కోవిడ్ అనుమానితుల మధ్య కూర్చోబెట్టేవారు. జూలైలో ఒక రాత్రి అమ్మకి 101 వచ్చింది. కౌంటర్‌లో అతను కోవిడ్ రిపోర్ట్ వచ్చేదాకా లోపలికి కుదరదన్నాడు, ఫైలు తెరిచి చూపించినా చూడలేదు. అమ్మ క్యాన్సర్ డాక్టర్‌కి ఫోన్ చేసి ఆయన చేత మాట్లాడించాకే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ తర్వాత చాలాకాలం థర్మామీటర్ బీప్ వినబడితే చాలు, నా చేతులు చల్లబడిపోయేవి. నిద్రలో ఉన్నా నుదురు ముట్టుకుని చూస్తుంటే అమ్మ విసుక్కునేది.

తప్పుగా అనుకోకపోతే ఒకటి చెప్తా, లాక్‌డౌన్ వల్ల కొంత హాయి కూడా ఉండేది. చూడ్డానికొచ్చి, బత్తాయిలు చేతిలో పెట్టి, "మా తోడికోడలికీ ఇదే, పాపం ఆర్నెల్లే బతికింది" అని చెప్పి వెళ్ళే చుట్టాలెవరూ రాలేదు. కానీ వాళ్ళతోపాటు మా పిన్ని కూడా రాలేకపోయింది. ఆవిడ ఉంటే వంట చూసుకునేది, నేను ఓ పూట పడుకునేదాన్ని.

ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు అనేవాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశాను. పని పంచుకున్నవాళ్ళే నన్ను నిలబెట్టారు. తమ్ముడితో మొదట్లో రోజూ గొడవే, వాడు గూగుల్‌లో చదివి ప్రశ్నలడిగితే నన్ను తనిఖీ చేస్తున్నట్టుండేది. చివరికి, ఇన్సూరెన్స్ క్లెయిమ్, రిపోర్టులు వరుసగా పెట్టడం, డాక్టర్‌ని అడగాల్సినవి రాసివ్వడం, ఇవన్నీ నీ పని అని అప్పగించేశా. నా మీద బరువు తగ్గింది, వాడూ కుదుటపడ్డాడు. కింది పోర్షన్ ఆంటీ అయితే గేటుకి కూర క్యారియర్ తగిలించి, బెల్ కూడా కొట్టకుండా వెళ్ళిపోయేవారు. ఏం తెమ్మంటావని అడిగేవాళ్ళకంటే అలా తెచ్చి పెట్టేసినవాళ్ళే నయం, ఎందుకంటే ఏం కావాలో ఆలోచించి చెప్పే ఓపిక కూడా ఉండదు.

2021 మార్చిలో 45 దాటి క్యాన్సర్ లాంటి జబ్బులున్నవాళ్ళకి టీకా మొదలయ్యేసరికి అమ్మ ఆపరేషన్, రేడియేషన్ కూడా అయిపోయాయి. ఇంకేం టెన్షన్ అన్నారు అందరూ. నాకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం మొదలైంది అప్పుడే. అమ్మే నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా పని తగ్గాక బయటికొస్తోంది, చూసుకునేవాళ్ళలో ఇది మామూలే అన్నారావిడ. కొన్ని నెలలు మందులు వాడాను, తగ్గింది.

మీరు ఇప్పుడు ఎవరినైనా చూసుకుంటూ ఇది అడుగుతుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. 2022లో వచ్చింది, మాకు అప్పట్లో లేదు. ఇంకోటి, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి చేయాలో ఆ నంబర్ మీ డాక్టర్‌ని ఇప్పుడే అడిగి ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.