కమోడ్ గిన్నె తోమితే పోని బూజు

చిరంజీవి అమ్మడుకి,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. "ఆదివారం కమోడ్ కడిగితే గురువారానికల్లా మళ్ళీ నల్లగా వచ్చేస్తోంది పెద్దమ్మా, ఇంక నా వల్ల కాదు" అని నువ్వు ఫోన్లో అంటే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఏడాదికి పైగా నాదీ అదే గోల. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మనకి సాలీడు అల్లిందీ బూజే, తడికి నల్లగా పట్టిందీ బూజే. మొదటిది కర్రకి చీపురు కట్టి దులిపితే పోతుంది. రెండోదాన్నీ అలాగే వదిలించుకోవచ్చనుకోవడం దగ్గరే మన తిప్పలన్నీ. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఇంట్లోంచి పూర్తిగా వెళ్ళగొట్టే మందు లేదు. తడి దొరికితే ఒకటి రెండు రోజుల్లో మొలుస్తాయి. నువ్వు ఇన్నాళ్ళూ బూజుని చంపుతున్నావు, తడి జోలికి మాత్రం పోవడం లేదు.

ఫ్లష్ ట్యాంక్ మూత ఎత్తి ఎప్పుడైనా చూశావా? నేను పద్నాలుగు నెలలు చూడలేదు. గిన్నె అద్దంలా తోముతూ, మళ్ళీ నల్ల చారలు కనబడగానే ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ ఉండేదాన్ని. ఒకరోజు మీ పెదనాన్న ఏదో రిపేరుకని మూత తీస్తే లోపలి గోడలన్నీ నల్లటి పాచి! ఫ్లష్ నొక్కినప్పుడల్లా అదే నీళ్ళతో పాటు గిన్నెలోకి దిగుతోందన్నమాట. అంచు కింద నీళ్ళు దిగే చోట చారలు చారలుగా వస్తుంటే ముందు అనుమానించాల్సింది ట్యాంక్‌నే.

నీళ్ళొచ్చే వాల్వ్ కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చెయ్యి. తెల్ల వెనిగర్ గోడలకి పట్టించి, అరగంట ఆగి బ్రష్‌తో తోము. రబ్బరు వాషర్ మీద మాత్రం అది ఎక్కువసేపు నిలవనివ్వకు. ట్యాంక్‌లో బ్లీచ్ బిళ్ళ వేసేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. రాత్రీ పగలూ బ్లీచ్‌లో నానితే రబ్బరు పాడై, గిన్నెలోకి సన్నగా నీళ్ళు కారడం మొదలవుతుంది. అంచు కింద ఎప్పుడూ చెమ్మే.

ఇప్పటికే కారుతోందేమో చూసుకోవాలంటే, వంటల్లో వేసే రంగు నాలుగు చుక్కలు ట్యాంక్‌లో వేసి అరగంట ఎవర్నీ ఫ్లష్ చెయ్యనివ్వకు. గిన్నెలోకి రంగు దిగితే వాషర్ మార్చాల్సిందే.

ఇక నీళ్ళ మట్టం దగ్గర గీత. గ్లవ్ వేసుకుని తడిమి చూడు. గరుగ్గా తగిలితే అది గార. నీళ్ళలోని సున్నం, ఉప్పులూ పేరుకుంటే అలా అవుతుంది. నున్నటి పింగాణీ మీద కన్నా గార మీద పాచికి పట్టు బాగా దొరుకుతుంది. వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే మెత్తబడుతుంది. ఇనప పీచుతో మాత్రం గీకకు, గీతలు పడితే పాచికి నువ్వే చోటు చేసిచ్చినట్టు. గులాబీ రంగులో జిగురుగా కనిపించేది సాధారణంగా బూజు కాదు, బాక్టీరియా. దాన్నీ రుద్ది కడిగి పొడిగా ఉంచుకోవడమే.

బ్లీచ్ సంగతి గట్టిగా చెప్పాలి. ఒకసారి నేను తెలివి ఉపయోగించి, టాయిలెట్ యాసిడ్ పోసిన గిన్నెలోనే బ్లీచ్ కూడా పోశాను, రెండూ కలిస్తే రెట్టింపు పని చేస్తాయని. పొగలాంటి వాసన ముక్కుకి తగిలి, దగ్గుతో ఊపిరాడక బయటికి పరిగెత్తాను. వచ్చింది క్లోరిన్ వాయువు. బ్లీచ్ వెనిగర్‌తో కలిసినా అదే వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. మూత్రంలోనూ అమ్మోనియా ఉంటుంది, అందుకని ఒకసారి ఫ్లష్ చేశాకే బ్లీచ్ పొయ్యి. ఇవాళ వెనిగర్ వాడితే బ్లీచ్ రేపు. టైల్స్‌కైతే లీటరు నీళ్ళకి బ్లీచ్ 60 మిల్లీలీటర్లు మించకూడదు. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చెయ్యి.

టైల్స్ మీద బ్లీచ్ పని చేస్తుంది గానీ, గోడ సున్నంలోకి దిగిన బూజుని పైపైన తెల్లబరిచి ఊరుకుంటుంది. కమోడ్ చుట్టూ పెట్టిన సిలికాన్ నల్లబడిందన్నావు కదా, దాన్ని రుద్ది చేతులు నొప్పి పెట్టుకోకు. కోసి తీసేసి, అడుగు బాగా ఆరాక కొత్తది వేయించు. అడుగు ఎంతకీ ఆరకపోతే మాత్రం కమోడ్ కిందనుంచి నీళ్ళు వస్తున్నట్టు. అప్పుడు ప్లంబర్‌ని పిలవక తప్పదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది కదా అని నమ్మకు. టిష్యూ కాగితం జాలీ దగ్గర పెట్టి చూడు. అంటుకోకుండా కింద పడితే ఆ ఫ్యాన్ చప్పుడుకే పనికొస్తోంది. జాలీలో దుమ్ము దులిపితే చాలాసార్లు బాగుపడుతుంది. స్నానం అయ్యాక కనీసం 20 నిమిషాలు తిరగనివ్వు. గాలిలో తేమ 60 శాతం దాటకుండా ఉంటే గోడల మీద బూజుకి అంత జోరుండదు.

టాయిలెట్ బ్రష్ డబ్బాలో అడుగున నిలిచిన నీళ్ళు కూడా ఒకసారి చూడు. నేను చూసినరోజు డబ్బా, బ్రష్ రెండూ పారేశాను. ఇప్పుడు తోమాక బ్రష్‌ని సీటు కింద ఇరికించి, నీళ్ళన్నీ కారాకే డబ్బాలో పెడతాను.

ముందు ఆ రంగు చుక్కలు వేసి చూడు, మిగతావి తర్వాత. రంగు దిగితే ఫోన్ చెయ్యి. ఏ వాషర్ కొనాలో మీ పెదనాన్న చెప్తారు, పాతది పట్టుకెళ్ళి చూపించకుండా మాత్రం కొనకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ