డర్బన్ నాయుడుగారి ఊరు వెతకాలంటే

ప్రశ్న: తిరుమల దర్శనానికి వచ్చిన దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక కుటుంబం పరిచయమైంది. వాళ్ల పెద్దాయన 1890లలో ఇక్కణ్ణించే చెరకు తోటల పనికి ఓడెక్కాడట. ఇంటిపేరు నాయుడు అంటున్నారు, ఊరు తెలీదు. కనుక్కుంటే డబ్బిస్తామన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- రిటైర్డ్ వీఆర్వో, చిత్తూరు

జవాబు: ముందు ఊళ్ల వెంట తిరగకండి సార్. నాయుడు ఇంటిపేరు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. నేటాల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస) ఓడల జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటిమీద మచ్చలు కూడా రాశారు గానీ ఇంటిపేరుకు గడే లేదు. కానీ ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు, అదే మనకు ఆధారం. వాళ్లింట్లో పాత పెళ్లి, జనన, మరణ పత్రాలు ఏమున్నా ఫొటోలు తీసి పంపమనండి, నంబరు వాటిమీద ఉండే అవకాశం ఎక్కువ. అది దొరికితే ఓడ దొరుకుతుంది, ఓడ దొరికితే ఊరు.

జిల్లా గడిలో చిత్తూరు కోసం చూడొద్దు. మన జిల్లా ఏర్పడిందే 1911లో, అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి అన్నీ ఉత్తర ఆర్కాటు కిందే ఉండేవి, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. గుడియాత్తం, వేలూరు కూడా ఉత్తర ఆర్కాటే కాబట్టి ఊరు ఇప్పటి తమిళనాడులో తేలొచ్చు. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది, పైకి నాలుగు రకాలుగా చదివి చూడండి. కొత్తపల్లె లాంటి పేరొస్తే తాలూకా తేలకుండా అడుగు వేయకండి.

ఆ తర్వాత మీకు తెలిసిన పనే: డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టర్లు చూడటం. అయితే ఓడెక్కినవాళ్లలో భూమి లేనివాళ్లు ఎందరో, వాళ్ల పేర్లు అందులో ఉండవు. కార్వేటినగరం, పుంగనూరు లాంటి జమీందారీ ఊళ్లయితే సెటిల్మెంటు రికార్డు చాలావరకు జమీందారీలను రద్దు చేసిన 1948 చట్టం తర్వాతిదే. అలాంటప్పుడు గోత్రం, ఇలవేల్పు, ఇంట్లో తరతరాలుగా పెట్టుకునే పేర్లు అడగండి. చెంగమ్మ, మునెమ్మ లాంటివి మళ్లీమళ్లీ వస్తుంటే మన వైపు వెతకడానికి అదొక ఆసరా, రుజువు మాత్రం కాదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తండ్రి పేరు, ఊరు, కాలం మూడూ కలవనిదే ఏ గడప ముందూ నిలబెట్టి ఇదే మీ ఇల్లు అనకండి. సముద్రం దాటి వచ్చినవాళ్లు ఆ మట్టి మూటగట్టుకుని వెళ్తారు, అబద్ధపు ఊరు చూపించడం చాలా పెద్ద తప్పు. ఇక్కడివాళ్లకూ భూమిలో వాటా అడుగుతారేమోనని టెన్షన్ ఉంటుంది, ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడండి. ఫీజు పనికి తీసుకోండి, ఫలితానికి కాదు. ఫలితానికి డబ్బంటే ఏదో ఒక ఊరు చూపించాలన్న ఒత్తిడి మొదలవుతుంది.

ప్రశ్న: మా తాత తమ్ముడు మలయా వెళ్లాడు. ఇదే పద్ధతి పనికొస్తుందా?
- పాఠకురాలు, తిరుపతి

జవాబు: కష్టమేనమ్మా. ఫిజీ అయితే సువాలో ఎమిగ్రేషన్ పాసులున్నాయి, మారిషస్ అయితే మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో రికార్డులు, కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. మలయాకు ఎక్కువగా కంగాణీలు (తోటల మేస్త్రీలు) తమ ఊరివాళ్లనే పోగుచేసి తీసుకెళ్లారు. కాబట్టి కాగితం కంటే ముందు ఆ కంగాణీ ఎవరో, ఏ తోటకు తీసుకెళ్లాడో మీ ఊరి ముసలివాళ్లను ఈ నెలలోనే అడగండి.