అరకు కొండలా, విశాఖ బీచ్ రిసార్టా? నాలుగు రోజుల ట్రిప్‌కు ఏడాది కిస్తీలు

ప్రశ్న: మాది వరంగల్. నాకు 34 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి రూ.62,000 వస్తుంది. అద్దె, బైక్ ఈఎంఐతో కలిపి ఖర్చు రూ.44,000. సిప్‌లో, అంటే మ్యూచువల్ ఫండ్‌లో, నెలకు రూ.5,000 పెడుతున్నా. సేవింగ్స్ ఖాతాలో రూ.38,000 ఉంది. డిసెంబర్‌లో భార్య, ఆరేళ్ల పాపతో నాలుగు రోజులు విశాఖ వెళ్లాలనుకుంటున్నాం. అరకులో రెండు రాత్రులు ఉంటే ప్యాకేజీ రూ.45,000, బీచ్ రిసార్ట్ అయితే రూ.60,000 అంటున్నారు. ఏది తీసుకోవాలి? బ్యాంకు యాప్‌లో రూ.60,000 ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. అమ్మకు షుగర్ ఉంది, మేం వెళ్లినప్పుడు అక్క దగ్గర ఉంటుంది.

జవాబు: కొండా, సముద్రమా అని సగం ఉత్తరం రాసి, లోన్ సంగతి చివర్లో ఒక్క లైన్‌లో తేల్చేశారు. దసరా వెళ్లిందంటే నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఊరు మారుతుంది గానీ ఆ లోన్ లైన్ మాత్రం మారదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

'ప్రీ-అప్రూవ్డ్' అంటే అప్పు ఇవ్వడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారని, అంతే. మీ జీతం తట్టుకుంటుందని కాదు. రూ.60,000 ఏడాదికి 16 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు సుమారు రూ.5,440 కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ ముందే కోసేసుకుంటే మీ చేతికి వచ్చేది రూ.58,584. తిరిగి కట్టేది మాత్రం రూ.65,000 పైచిలుకు. నాలుగు రోజుల సరదాకు అదనంగా దాదాపు రూ.6,750. వచ్చే డిసెంబర్‌లో పాప 'నాన్నా, ఈసారి ఎక్కడికి?' అని అడిగేనాటికి మీరు ఈ ట్రిప్ చివరి కిస్తీ కడుతుంటారు.

వడ్డీ సంగతి సరే, నాకు అసలు భయం రూ.38,000 దగ్గర. మీ నెల ఖర్చు రూ.44,000. అంటే మీ దగ్గర ఒక్క నెల ఖర్చు కూడా లేదు. ఒక్క జీతం మీద నలుగురు బతుకుతున్న ఇల్లు మీది. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2,64,000 పక్కన ఉండాలి. అది ఇవాళే ఉండాలని అనడం లేదు, దాని వైపు నడుస్తున్నారా లేదా అని అడుగుతున్నాను. జీతం రెండు వారాలు ఆలస్యమైనా, పాపకు జ్వరమొచ్చి రెండు రోజులు అడ్మిట్ చేయాల్సి వచ్చినా, ఆ నెల కొత్త కిస్తీ రూ.5,440 ఎక్కడి నుంచి తెస్తారు?

'క్రెడిట్ కార్డు ఉంది కదా' అంటారేమో. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం. ఏడాదికి కాదు, నెలకు. దాని మీద 18 శాతం జీఎస్టీ. పాత బాకీ పూర్తిగా కట్టకుండా మినిమం డ్యూ (ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం) కట్టి వదిలేస్తే, కొత్తగా గీకిన దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డుతో డబ్బు తీస్తే అక్కడా అంతే. కార్డును అత్యవసర నిధి అనుకునేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది, ఏమీ అనుకోకండి.

మీ లెక్కలో నాకు నచ్చిందీ ఒకటుంది. ఖర్చు, సిప్ పోగా రూ.13,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ఈ నెల నుంచి జీతం పడ్డ రోజే అందులో రూ.8,000 వేరే ఖాతాలోకి పంపండి, ఆ ఖాతాకు డెబిట్ కార్డు వద్దు. అదే మీ అత్యవసర నిధి. రూ.5,000 ట్రిప్‌కు. సిప్ కూడా నాలుగు నెలలు ఆపి ఆ రూ.5,000 నిధిలో వేయండి. ఫండ్ వాళ్లకు నా మాట నచ్చదు. కానీ అవసరం పడ్డప్పుడు మార్కెట్ దిగి ఉంటే, నష్టానికి యూనిట్లు అమ్ముకునేది మీరే. అక్టోబర్ నుంచి జనవరి దాకా ఇలా చేస్తే ఇప్పుడున్నదానితో కలిపి నిధి రూ.90,000 అవుతుంది. రెండు నెలల ఖర్చు. ట్రిప్‌కు విడిగా రూ.20,000. మిగతా నిధి ఆ తర్వాత నెలనెలా పెరుగుతుంది.

రూ.20,000తో ఫిబ్రవరిలో వెళ్లండి. డిసెంబర్‌లో అరకులో గదులకు గిరాకీ, రేట్లూ అలాగే ఉంటాయి. మీ అసలు ప్రశ్నకు జవాబు: సముద్రం దగ్గర బస, కొండకు ఒక్క రోజు. రిసార్ట్ వద్దు, ఊళ్లో మామూలు హోటల్ చాలు. వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి విశాఖలో దిగుతారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబర్‌లోనే టికెట్లు చూసుకోండి. ఆర్కే బీచ్‌కు టికెట్ లేదు. దాని ఎదురుగానే కురుసుర జలాంతర్గామి ఉంది, ఆరేళ్ల పిల్లకు రిసార్ట్ ఈతకొలను కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. కైలాసగిరి ఎక్కితే కొండా సముద్రమూ రెండూ ఒకేచోట కనిపిస్తాయి.

అరకు రోజున పొద్దున్నే కిరండూల్ రైలు పట్టుకోండి. బొర్రా గుహల మీదుగా 50కి పైగా సొరంగాలు దాటుతుంది, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతూనే ఉంటారు. అద్దాల కోచ్‌లో సీట్లు దొరకలేదని బాధపడకండి, మామూలు కోచ్ కిటికీలోంచీ అదే లోయ. తిరుగు ప్రయాణం బస్సులో అయితే అనంతగిరి ఘాట్‌లో మలుపులెక్కువ. పాపకు కడుపు నిండా తినిపించి ఎక్కించకండి. నేను ఒకసారి బొంగు చికెన్ దండిగా లాగించి ఎక్కాను, ఆ కథ ఇక్కడ వద్దు.

అమ్మగారి విషయం కూడా చూడండి. మీ ఆఫీసు ఆరోగ్య బీమా పాలసీలో ఆవిడ పేరు ఉందో లేదో ఈ వారమే అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి, షుగర్ ఉన్న సంగతి దాచకుండా రాయండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి బీమా డబ్బు రాని కాలం) మూడేళ్ల దాకా ఉండొచ్చు, పాలసీ తీసుకున్న రోజు నుంచే అది లెక్కలోకి వస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం ఎంతో తెలిశాక నాకు రాయండి, నెలవారీ రూ.8,000లో దాన్ని ఎలా సర్దాలో చూద్దాం.