ఆడపడుచు వస్తోంది, ఓవెన్ వెలిగించాలా?

ప్రశ్న: అమ్మా, మాది తణుకు. నాకు వంట అంటే ఇష్టం లేదు. రాదని కాదు, ఇష్టం లేదు. రెండు పూటలా పప్పూ కూరా చేసేసి, వంటింట్లో లైటు ఆర్పి, కుట్టు మిషను ముందు కూర్చుంటేనే నాకు ప్రాణం లేచొస్తుంది. కిందటేడు పెళ్లిరోజుకి మావారు ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, కొన్నారు. కొత్త మోజులో నాలుగుసార్లు కేకు చేశాను. ఒకటి కుదిరింది. ఆ ఒక్కదాని ఫొటో మావారు ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఇక అక్కణ్ణుంచి మొదలు. హైదరాబాద్‌లో ఉండే మా చిన్న ఆడపడుచు ఇద్దరు పిల్లలతో మే రెండో వారంలో వచ్చి పది రోజులు ఉంటుంది. "వదినా, ఈసారి బయట ఏమీ కొనొద్దు, అన్నీ నీ చేత్తోనే. పిల్లలు లిస్టు కూడా రాసుకున్నారు" అని ఫోను. చాక్లెట్ కేకు, కప్ కేకులు, బిస్కెట్లు, పిజ్జా. అత్తయ్యగారు గుడ్డు ముట్టరు కాబట్టి పెరుగు, వంటసోడా వేసి చేస్తాను. సోడా చెంచా నిండా వేస్తాను. పిండి కలిపి పక్కన పెట్టి, అప్పుడు ఓవెన్ వేస్తాను. పొంగిందో లేదోనని అయిదు నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తాను. అయినా మధ్యలో గుంట పడుతుంది, పైన మాడుతుంది. గుంట ఎందుకు పడుతోంది? ఆ పిల్ల మనసు నొచ్చుకోకుండా, పది రోజులు ఇంట్లో బేకరీ నడపకుండా ఉండే దారి చెప్పండి.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. 1984లో మా ఇంటికీ ఒక ఓవెన్ వచ్చింది. గుండ్రటి అల్యూమినియం డబ్బా, మూత మీద చిన్న గాజు కిటికీ. ఆ కిటికీలోంచి తొంగి చూసి చూసి ఓసారి ముక్కు కూడా కాల్చుకున్నాను. మావారి ఆఫీసు వాళ్లు భోజనానికి వచ్చిన రోజున కేకు లోపల పచ్చిగా ఉండిపోయింది. గరిటెతో తీసి కప్పుల్లో పెట్టాను. "పుడ్డింగాండీ?" అన్నారు. అవునన్నాను. అదే నా కొంప ముంచింది. తర్వాత వాళ్లు ఎప్పుడొచ్చినా ఆ పుడ్డింగే చేయమనేవారు. కేకు చేయడం నేర్చుకున్నాను గానీ, అంత కచ్చితంగా పచ్చిగా మిగలడం మళ్లీ ఎప్పుడూ కుదరలేదు.

ముందు గుంట సంగతి. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పెరుగులోని పులుపు సోడాకి తగలగానే గాలి బుడగలు పుడతాయి. ఆ బుడగలే కేకుని పైకి లేపాలి. మీరు పిండి కలిపి పక్కన పెట్టి ఓవెన్ వేసేసరికి సగం గాలి పోతోంది. అందుకని ముందు ఓవెన్ 180 డిగ్రీల్లో పది, పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి, ఆ తర్వాతే తడీ పొడీ కలపండి. కలిపిన పిండి వెంటనే లోపలికి వెళ్లాలి. ఇక చెంచా నిండా సోడా చాలా ఎక్కువ. ఒకటిన్నర కప్పు మైదాకి, కప్పు పెరుగుకి, అర టీ స్పూను సోడా, ఒక టీ స్పూను బేకింగ్ పౌడరు చాలు. సోడా ఎక్కువైతే కేకు గబగబా పొంగి, నిలబడలేక కూలిపోతుంది, నోట్లో సబ్బు రుచి కూడా తగులుతుంది. మూడోది ఆ తలుపు. మొదటి పాతిక నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. వేడి ఒక్కసారి బయటికి పోతే ఇంకా గట్టిపడని నడిమి భాగమే దిగిపోతుంది.

పైన మాడుతోందంటే టిన్ను పై కడ్డీలకి దగ్గరగా ఉందన్నమాట. ఒక అర కిందికి దించండి. అప్పటికీ రంగు ముందే వచ్చేస్తుంటే చివరి పావుగంట పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఇంకో మాట. ఓటీజీ వెయ్యి వాట్లకు పైనే లాగుతుంది, మామూలు ఇన్వర్టరు మోయలేదు. మేలో మన కరెంటు మాట తెలిసిందేగా! చేసేదేదో తెల్లారి ఆరింటికే చేసేయండి. ఆ ఎండల్లో మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో ఓవెన్ వేసుకోవడం ఏ పాపానికి శిక్షో నాకు తెలీదు.

ఇక అసలు సంగతి. ఆ లిస్టుని ఒకటిన్నరకి కుదించండి. ఒకటి నిలవుండేది, వాళ్లు రాకముందే చేసి డబ్బాలో పోసేది. సగం అంటే ఒకే ఒక్క కేకు, వచ్చిన మొదటి ఆదివారం. పిజ్జా అయితే కొట్టేయండి. పిండి పులియబెట్టి, చిన్న ఓవెన్‌లో ఇంటిల్లిపాదికీ ఒక్కొక్కటే కాల్చి పెట్టేసరికి అందరూ తిని చేతులు కడుక్కుంటారు, ఆఖరిది చల్లారిపోయి మీ వంతుకి వస్తుంది.

నిలవుండేదానికి నాన్‌ఖతాయీని మించింది లేదు. గుడ్డు ఉండదు కాబట్టి అత్తయ్యగారూ తింటారు. కప్పు మైదా, పావు కప్పు సెనగపిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ, అర కప్పు పంచదార పొడి, అర కప్పు పేరిన నెయ్యి, చిటికెడు సోడా, ఏలకుల పొడి. పేరిన నెయ్యి అని ఎందుకన్నానంటే, మేలో నెయ్యి నూనెలా ఉంటుంది. ఆ కరిగిన నెయ్యితో కలిపితే బిస్కెట్లు ట్రేలో అప్పడాల్లా పరుచుకుంటాయి. నెయ్యిని ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక తీసి, పంచదార పొడితో తెల్లగా, నురగలా అయ్యేదాకా చేత్తో గిలక్కొట్టండి. పిండి నీళ్లు పోసి కలిపేది కాదు. ఉండ కట్టకపోతే ఇంకో చెంచా నెయ్యి వేయండి. చేసిన ఉండల్ని కాస్త నొక్కి, ట్రేతో సహా ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, 160 డిగ్రీల్లో పదిహేను నుంచి ఇరవై నిమిషాలు కాల్చండి. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. కాలలేదని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాక గట్టిపడతాయి. పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో పోస్తే పది రోజులు నిక్షేపంలా ఉంటాయి. అంటే మీ ఆడపడుచు ఉన్నన్నాళ్లూ అన్నమాట, తినేయకపోతే! అందుకే ఇరవైతో ఆగకండి, రెండు వాయిలు చేయండి. ఒక డబ్బా బయట పెట్టి, రెండోది చీరల బీరువాలో దాచండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, మా అమ్మ సున్నుండలు అలాగే దాచేది.

మీవారి సంగతి కూడా చెప్పాలి. ఓవెన్ కొన్నదీ ఆయనే, ఫొటో పెట్టిందీ ఆయనే. ఆదివారం కేకుకి మైదా జల్లించడం, టిన్నుకి నెయ్యి రాయడం, ముఖ్యంగా గిన్నెలు కడగడం ఆయనకి అప్పగించండి. డబ్బాలు ఖాళీ అయిపోయి మళ్లీ చేయాల్సొస్తే, పిల్లలకి నాన్‌ఖతాయీ ఉండలు చేయడం ఇవ్వండి. ఒకటి నిమ్మకాయంత, ఒకటి కుంకుడుకాయంత చేస్తారు, చేయనివ్వండి. చిన్నవి ముందు మాడతాయి కాబట్టి వాటిని మాత్రం ట్రే మధ్యలో పెట్టండి.

ఆడపడుచుతో రైలెక్కకముందే ఫోనులో చెప్పేయండి. "నాకు రోజూ ఓవెన్ ముందు నిలబడటం ఇష్టం లేదమ్మాయ్, ఒక కేకు, డబ్బాడు బిస్కెట్లు, అంతే" అని. తలనొప్పి, నడుంనొప్పి లాంటి సాకులు వద్దు. సాకు చెబితే అది తగ్గాక చేస్తావా అని అడుగుతారు. నా పుడ్డింగు కథ గుర్తుంచుకోండి. "నీ చేత్తోనే" అని ఆ అమ్మాయి అన్నది మీ మీద ఆశ కొద్దీ గానీ మీకు పని చెప్పాలని కాదనే నాకనిపిస్తోంది. పుట్టింటికొచ్చే పిల్లకి చెప్తే అర్థం కాకపోదు.

పిల్లలు మరీ గొడవ చేస్తే వాళ్లకి మన గోదావరి కేకు ఒకటి పెట్టండి. దిబ్బరొట్టె! గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యపురవ్వ, జీలకర్ర, ఉప్పు. మందపాటి మూకుడులో నూనె కాస్త ధారాళంగా వేసి, పిండి రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద వదిలేయాలి. మా నాయనమ్మ మూత మీద కూడా నిప్పులు పోసేది. కిందా పైనా సెగ, మీ ఓటీజీ చేసేదీ అదేగా. అడుగు ఎర్రగా కాలాక తిరగేసి, చెరకు పానకంతో పెట్టండి. అరగంట సేపు మీరు చేయాల్సిందేమీ ఉండదు, కుట్టు మిషను దగ్గర కూర్చోవచ్చు.

ప్రశ్న: ఓవెన్ లేక కుక్కర్లో ఉప్పు పోసి కేకు చేస్తున్నాను. ఆ ఉప్పు మళ్లీ కూరలో వాడొచ్చా?
- ఖమ్మం నుంచి ఒకరు

జవాబు: కూరలో వద్దు. వేరే డబ్బాలో పోసుకుని మళ్లీ కేకుకే వాడుకోండి, రంగు మారినా ఫరవాలేదు. విజిలు, గాస్కెట్ తీసేస్తున్నారు కదా? నీళ్లు లేకుండా గంటసేపు మంట మీద ఉంటే మంచి కుక్కరు పాడవుతుంది. మూలన పడున్న పాత మందపాటి గిన్నె ఏదైనా ఉంటే దానికి మూత పెట్టి చేసుకోండి.