ఇంట్లో పెట్టుకోవడానికి పాత లేత్ కొనేటప్పుడు ఏం చూడాలి?

కారు షెడ్డులో పెట్టుకోవడానికి నాలుగున్నర అడుగుల పాత లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మిషన్) బేరం వచ్చింది, ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది, కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చండి. అలాంటిదే నేనూ హైదరాబాద్ బాలానగర్ వైపు మూసేస్తున్న ఒక షెడ్డు నుంచి తెచ్చుకున్నాను. ఉద్యోగం వేరే, సాయంత్రాలు బుష్‌లు, పిన్నులు, చిన్న షాఫ్టులు చేసుకుంటూ ఉంటాను.

రంగు చూసి మోసపోకండి. అమ్మేముందు పచ్చరంగు దట్టంగా కొట్టేయడం మామూలే. నాకైతే నూనె జిడ్డు పట్టిన మిషన్ మీదే నమ్మకం ఎక్కువ, నూనె పోసి వాడారని తెలుస్తుంది కదా. కంపెనీ పేరు కూడా అంతే. హెచ్ఎంటీ, కిర్లోస్కర్ మంచి మిషన్లే, కాదనను. కానీ మూడు షిఫ్టులూ తిరిగి బెడ్ (మిషన్ కింది పొడవాటి పట్టాల దిమ్మె) అరిగిపోయినదాని కన్నా, తక్కువ వాడిన బటాలా లేతో రాజ్‌కోట్ లేతో మన పనికి నయం.

అసలు చూడాల్సింది చక్ (జాబుని, అంటే కోసే ముక్కని, పట్టుకుని తిరిగేది) దగ్గర బెడ్. జాబులు ఎక్కువ పొట్టివే ఉంటాయి కాబట్టి అరుగుదలంతా అక్కడే. క్యారేజ్ (టూల్‌ని మోసుకుని బెడ్ మీద జరిగేది) తిరిగే చోటికీ, ఎప్పుడూ తిరగని చివరకీ మధ్య గోరు అడ్డంగా గీయండి. మెట్టులా తగిలితే సంగతి అర్థమైపోతుంది. ఇంకో పద్ధతి: క్యారేజ్‌ని చక్ దగ్గరికి తెచ్చి, కింద గిబ్ పట్టీ (సందు సరిచేసే పట్టీ) వదులు లేకుండా బిగించి, టెయిల్‌స్టాక్ (అవతలి చివర జాబుని ఆనించేది) వైపు తిప్పుకుంటూ వెళ్లండి. కొంచెం బరువెక్కితే ఫర్వాలేదు. సగంలోనే చక్రం కదలనని మొరాయిస్తే వదిలేయండి. బెడ్ గ్రైండింగ్ చేయించే ఖర్చుతో ఇంకో లేత్ వెతుక్కోవచ్చు.

క్రాస్‌స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపేది) హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరుగుతోందని కంగారు పడక్కర్లేదు, గన్‌మెటల్ నట్ కొత్తది చేయించుకుంటే చాలావరకు పోతుంది. దాన్ని చూపించి ధర తగ్గించమనండి.

కరెంటు మీద నడిపించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అంగుళం మైల్డ్ స్టీల్ రాడ్ మీరే తీసుకెళ్లండి. చక్ బయటికి నాలుగంగుళాలు వదిలి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా సన్నగా ఒక కట్ వేయించి, రెండు చివరలా మైక్రోమీటరు పెట్టండి. కాస్త టేపర్ (రెండు చివరలా కొలతలో తేడా) వస్తే వెంటనే తోసిపుచ్చకండి, మిషన్ లెవెల్‌లో లేక బెడ్ మెలిపడినా అలాగే వస్తుంది. హెడ్‌స్టాక్ (చక్‌ని తిప్పే పెట్టె) గేర్ల చప్పుడు అన్ని స్పీడుల్లోనూ వినండి. ఒక్క స్పీడులోనే టకటకమంటే గేరు పన్ను విరిగి ఉంటుంది.

తర్వాత సామాను. సగం బేరం ఇక్కడే ఉంది. చేంజ్ గేర్లు (మర కొలతని బట్టి మార్చి పెట్టేవి) ‘గోడౌన్‌లో ఉన్నాయి సార్, తర్వాత పంపిస్తాం’ అంటారు. రావు. అవి లేకపోతే మరలు కోయలేరు. పాత లేతుల్లో చాలావాటికి లీడ్‌స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే పొడవాటి మర కడ్డీ) అంగుళాల లెక్కలో ఉంటుంది, దాని మీద మిల్లీమీటరు మరలు కచ్చితంగా రావాలంటే 127 పళ్ల గేరు కావాలి (25.4ని 5తో గుణిస్తే వచ్చేది అదే). ఆ గేరు ఉందో లేదో పళ్లు లెక్కపెట్టి చూసుకోండి. మూడు దవడల చక్‌తో పాటు నాలుగు దవడల చక్, స్టెడీ (పొడవాటి రాడ్‌ని మధ్యలో పట్టే ఆసరా), డ్రిల్ చక్ కూడా ఇస్తున్నారా అడగండి. విడిగా సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనబోతే మిషన్ ధరతో పోటీ పడతాయి.

తెచ్చేటప్పుడు జాగ్రత్త. పైన బరువు, కింద ఇరుకు, అందులోనూ హెడ్‌స్టాక్ వైపే బరువంతా. టెయిల్‌స్టాక్ తీసేసి, క్యారేజ్ అటు చివరికి జరిపి, ఎత్తే బెల్టు బెడ్‌కే వేయించండి. లీడ్‌స్క్రూకి తగిలితే వంగిపోతుంది.

ఇక కరెంటు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెడితే సింగిల్ ఫేజ్ మీద త్రీఫేజ్ మోటారు నడుస్తుంది, కానీ బయటికి వచ్చేది కూడా 230 వోల్టులే. రెండు హెచ్‌పీ వరకు మన మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు స్టార్‌లో కట్టి ఉంటాయి (స్టార్, డెల్టా అంటే వైండింగులు కలిపే రెండు పద్ధతులు). టెర్మినల్ బాక్సులో వైండింగు ఆరు చివరలూ ఉంటే డెల్టాకి మార్చుకోవచ్చు, 230కి సరిపోతుంది. మూడే బయటికి వచ్చి ఉంటే వైండింగ్ షాపులో మిగతా మూడూ బయటికి తీయించాలి. అంతకు మించిన మోటారై, 415కే డెల్టాలో ఉంటే ఆ దారి లేదు, సింగిల్ ఫేజ్ మోటారు మార్చుకోవడమే చవక. పాత రివర్స్ స్విచ్చిని వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య ఉంచకండి, డ్రైవ్ కాలిపోతుంది. చక్ మర మీద ఎక్కే రకమైతే డ్రైవ్‌లో ఆగే టైము బాగా ఎక్కువ పెట్టండి, గభాలున ఆగితే చక్ విప్పుకుని మీదికొస్తుంది. రివర్స్‌లో కోత అసలొద్దు.

మోటారు నేమ్‌ప్లేటు ఫొటో, చక్ దగ్గర బెడ్ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.